ఐదేళ్లు వాడాక కుబర్నెటీస్ గురించి నా మాట

2020 చివర్లో మా అప్లికేషన్లను కుబర్నెటీస్ మీదికి మార్చాం. కంటైనర్లలో (అప్లికేషన్‌నూ దానికి కావలసినవాటినీ కలిపి కట్టిన పొట్లాల్లో) పెట్టిన అప్లికేషన్లను చాలా మెషీన్ల మీద నడిపి, చూసుకునే సాఫ్ట్‌వేర్ ఇది. అంతకుముందు మాకున్నవి నాలుగు వర్చువల్ మెషీన్లు, చేత్తో నడిపే కొన్ని స్క్రిప్టులు. రాత్రి పదకొండు దాటాక ఒకరు లాగిన్ అయి కొత్త వెర్షన్ పెడుతుంటే మిగతావాళ్లం ఫోన్లు పట్టుకుని టెన్షన్‌తో కూర్చునేవాళ్లం. ఇప్పుడు పట్టపగలే రిలీజ్ చేస్తున్నాం. కొత్త పాడ్లు (అప్లికేషన్ ఒక్కో కాపీ నడిచే చిన్న యూనిట్లు) కొద్దికొద్దిగా లేస్తాయి, అవి సిద్ధమయ్యాకే పాతవి తప్పుకుంటాయి. కొత్త వెర్షన్‌లో లోపం ఉండి రెడీనెస్ ప్రోబ్ (పాడ్ పనికి సిద్ధంగా ఉందా అని చూసే పరీక్ష) పాస్ కాకపోతే రిలీజ్ అక్కడికక్కడే ఆగిపోతుంది, పాత పాడ్లు పని చేస్తూనే ఉంటాయి. ఇలా మమ్మల్ని కాపాడిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఈ ఒక్కదానికే దీనికి మంచి మార్కులు వేస్తాను.

స్కేలింగ్ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మేం బాగా నమ్మిందీ, గట్టిగా దెబ్బతిన్నదీ అక్కడే. రద్దీని బట్టి పాడ్ల సంఖ్యను పెంచి తగ్గించే ఆటోస్కేలర్ లెక్క చాలా సులువు. మామూలుగా 15 సెకన్లకోసారి చూస్తుంది. సీపీయూ వాడకం 50 శాతం ఉండాలని మనం చెప్పామనుకోండి, నాలుగు పాడ్ల మీద సగటు 100 శాతానికి చేరితే ఎనిమిది కావాలని తేలుస్తుంది. పెంచేటప్పుడు త్వరపడుతుంది. తగ్గించేటప్పుడు మాత్రం గత ఐదు నిమిషాల లెక్కలు చూసుకుని గానీ తగ్గించదు. ఈ నిదానం నాకు నచ్చింది. లేకపోతే రద్దీ కాస్త ఊగినప్పుడల్లా పాడ్లు పుడుతూ పోతూ ఉండేవి.

మేం కే6 అనే టూల్‌తో లోడ్ టెస్ట్ చేశాం, అంటే కృత్రిమంగా రద్దీ పుట్టించి చూశాం. ఎనిమిది పాడ్ల దాకా వెళ్లింది, రెస్పాన్స్ టైమ్ బాగుంది, సంతోషించాం. తర్వాత నిజంగా రద్దీ వచ్చిన రోజున పాడ్లు ఇరవైకి చేరాయి. ఒక్కో పాడ్ డేటాబేస్‌కు పది కనెక్షన్లు తెరుస్తుంది, అంటే మొత్తం రెండు వందలు. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో కనెక్షన్లకు డిఫాల్ట్‌గా ఉండే పరిమితి 100, దాన్ని మేం ఎప్పుడూ మార్చలేదు. కొత్త పాడ్లకు కనెక్షన్ దొరకలేదు. దీనికి తోడు పాడ్ బతికి ఉందా అని చూసే మా లైవ్‌నెస్ ప్రోబ్ కూడా డేటాబేస్‌ను అడిగి చూసేది. జవాబు రాకపోయేసరికి, బాగానే ఉన్న పాడ్లను కూడా చచ్చినట్టు లెక్కేసి కుబర్నెటీస్ రీస్టార్ట్ చేయడం మొదలుపెట్టింది. లేచిన ప్రతి పాడ్ మళ్లీ డేటాబేస్ మీదే పడింది. నలభై నిమిషాలు నరకం చూశాం. చివరికి గరిష్ఠ సంఖ్యను ఎనిమిదికి దించాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

తప్పు కుబర్నెటీస్‌ది కాదు. మేం రాసిచ్చినదాన్నే అది తు.చ. తప్పకుండా చేసింది. మేం టెస్ట్ చేసింది ఎనిమిది పాడ్లను, అనుమతి ఇచ్చింది ఇరవైకి. ఆ తర్వాత మధ్యలో, కొన్ని కనెక్షన్లనే అన్ని పాడ్లకూ పంచే పీజీబౌన్సర్ పెట్టాం. లైవ్‌నెస్ ప్రోబ్ ఇప్పుడు ప్రాసెస్ బతికి ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది, డేటాబేస్ వైపు వెళ్లదు. ప్రతి లోడ్ టెస్ట్‌లోనూ ముందు పాడ్లను గరిష్ఠ సంఖ్యకు పెంచి, డేటాబేస్ కనెక్షన్లు చూశాకే మిగతావి చూస్తున్నాం.

టెస్టింగ్‌కు ల్యాప్‌టాప్ మీద కైండ్ అనే టూల్ వాడుతున్నాం. డాకర్ కంటైనర్లలోనే చిన్న కుబర్నెటీస్ క్లస్టర్ (కలిసి పనిచేసే మెషీన్ల గుంపు) లేపుతుంది, పని అయ్యాక తీసేయొచ్చు. మా ఆటోమేటిక్ టెస్టులు కూడా దానిమీదే నడుస్తాయి. కానీ స్కేలింగ్ గురించి అది చెప్పేది తక్కువ. పాడ్లు నడిచే మెషీన్లలో, అంటే నోడ్లలో, చోటు లేనప్పుడు క్లౌడ్ నుంచి కొత్త మెషీన్ రావాలి. పాడ్ లేవడానికి కొన్ని సెకన్లు చాలు గానీ, మెషీన్ రావడానికి మాకు రెండు మూడు నిమిషాలు పడుతోంది. ఆ రెండు నిమిషాల్లో యూజర్లకు ఏమవుతుందో అసలు క్లౌడ్‌లో పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఒక్కో కంటైనర్ ఎంత మెమరీ, ఎంత సీపీయూ వాడొచ్చో చెప్పే లిమిట్ల దగ్గరా చాలా సమయం పోయింది. మెమరీ లిమిట్ దాటితే కంటైనర్‌ను చంపేస్తుంది, 137 అనే ఎగ్జిట్ కోడ్ కనిపిస్తుంది, కాబట్టి కారణం వెంటనే దొరుకుతుంది. సీపీయూ లిమిట్ అలా కాదు. దాటితే చంపదు, నెమ్మది చేస్తుంది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా ఉండదు. ఓ సర్వీసు ఎందుకు నత్తనడక నడుస్తోందో తెలియక వారం రోజులు కోడంతా వెతికాం. సీపీయూ లిమిట్ తీసేసి రిక్వెస్ట్ (కనీసం ఇంత కావాలని ముందే అడిగేది) మాత్రం ఉంచాక సరైంది. క్యూలోంచి పని తీసుకునే వర్కర్లకైతే సీపీయూ లెక్క అసలు పనికిరాదు. బయటి సర్వీసు జవాబు కోసం ఎదురుచూస్తున్నంతసేపూ సీపీయూ ఖాళీగానే ఉంటుంది, అవతల క్యూ మాత్రం పెరిగిపోతూ ఉంటుంది. వాటికి క్యూ పొడవును బట్టి పెంచే కేడా పెట్టుకున్నాం, హాయిగా ఉంది.

అప్‌గ్రేడ్లు మాత్రం ఒక భారమే. ఏడాదికి సుమారు మూడు కొత్త వెర్షన్లు వస్తాయి, ఒక్కోదానికి సపోర్ట్ దాదాపు 14 నెలలు. 2021లో వచ్చిన 1.22లో పాత ఇన్‌గ్రెస్ (బయటి ట్రాఫిక్‌ను లోపలి సర్వీసులకు చేర్చేది) ఏపీఐ తీసేశారు. చాలాముందే చెప్పారు, మేమే పట్టించుకోలేదు. ఆ వెర్షన్‌కు వెళ్లేముందు రెండు రోజులు కూర్చుని ఫైళ్లన్నీ మార్చుకున్నాం. ఇప్పుడు ప్రతి రిలీజ్ నోట్స్‌లో ఏవి తీసేస్తున్నారన్న భాగం ముందు చదువుతాను.

ఒకటి రెండు అప్లికేషన్లు, ఇద్దరు ముగ్గురు డెవలపర్లు ఉన్న టీమ్ అడిగితే వద్దనే చెబుతాను. కంటైనర్ ఇస్తే నడిపిపెట్టే మేనేజ్డ్ సర్వీసు వాళ్లకు చాలు. పది పదిహేను సర్వీసులుండి, రోజూ రిలీజ్ చేసేవాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు. అప్పుడు కూడా క్లస్టర్ మొత్తాన్ని నడిపించే కంట్రోల్ ప్లేన్‌ను క్లౌడ్ వాళ్లకే వదిలేయండి. మొదటి ఆరు నెలలు మేమే నడిపాం, ఆ ఆరు నెలల్లో అప్లికేషన్ మీద చేసిన పని చాలా తక్కువ.