రొయ్యల ప్లాంటులో వేలిముద్ర హాజరు మెషీన్: టైము దిద్దే వీలుంటే కొనకండి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో పనిచేసే ఆడవాళ్లకి ఈ మెషీన్ బాగా తెలుసు. నాది పీలింగ్ సెక్షన్. ఇదివరకు సూపర్‌వైజర్ గారు పుస్తకంలో టైము రాసేవారు. తరవాత గేటు పక్కన గోడకి ఇది బిగించారు.

టైము చూపించడంలో వంక పెట్టడానికి లేదు. అంకెలు పెద్దగా కనపడతాయి. పొద్దున్న వేలు పెట్టగానే 'థాంక్యూ' అంటుంది.

తంటా అంతా సాయంత్రమే. పగలంతా ఐసు నీళ్లలో వనామీ రకం రొయ్యల తలలు తీసి, పొట్టు ఒలిచి, నరం లాగి వచ్చేసరికి గ్లౌజుల్లో వేళ్లు నాని ముడతలు పడిపోతాయి. కొందరికి ముల్లు గుచ్చుకుని బొటనవేలి మీద చర్మం లేచిపోయి ఉంటుంది. ఆ వేలు పెడితే 'ప్లీజ్ ట్రై అగైన్'. కొంగుకి తుడిచి పెట్టినా అదే మాట. వెనక లైను పెరిగిపోతుంది, బయట ఆకివీడు బస్సు హారన్ కొడుతుంటుంది. "పద పదమ్మా, నేను ఎక్కిస్తాలే" అంటారు సూపర్‌వైజర్ గారు. ఆ ఎక్కించడంలోనే మన కష్టం పోతోంది. ఏడున్నరకి బయటికొచ్చిన మనిషికి కంప్యూటర్లో ఆరు అని పడుతుంది.

సరుకు ఎక్కువొచ్చిన రోజు ఇంకా అన్యాయం. ఆరింటికే అందరిచేతా వేళ్లు పెట్టించేసి, "చెరువు నుంచి ఇంకో బండి వచ్చింది, అదీ అయ్యాక వెళ్దురుగాని" అని మళ్లీ లోపలికి పంపుతారు. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అసలు ఆ గంటలు హాజరులోకే రాకపోతే రెట్టింపు దేనికి కడతారు? అడిగితే "మెషీన్‌లో అంతే ఉంది" అంటారు. పుస్తకం ఉన్నప్పుడు దిద్దిన చోట కొట్టివేతైనా కనపడేది.

మా టేబుల్ దగ్గర పనిచేసే ఒకమ్మాయి బస్సెక్కగానే చిన్న డైరీలో టైము రాసుకునేది. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కదా, అందుకని డైరీ. జీతం తగ్గిన నెల అది పట్టుకెళ్లి ఆఫీసులో అడిగింది. బస్సు డ్రైవర్ ట్రిప్ షీటుతో పోల్చి చూశారు, టైములు సరిపోయాయి, తేడా డబ్బులు ఇచ్చారు. ఇప్పుడు మా బస్సులో చాలామంది రాసుకుంటున్నారు. మీరూ రాసుకోండి, తేదీతో సహా.

ఇక కొనేవాళ్లకి నేను చెప్పేది. తడి చేతుల పని ఉన్నచోట వేలిముద్రది వద్దు. వేరే ప్లాంటులో మా ఆడపడుచుకి ముఖం చూసి గుర్తుపట్టే మెషీన్ ఉంది, మాస్కు తీసి నిలబడితే చాలంట. అయితే ఏ మెషీన్ పెట్టినా టైము ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో చెరగని రికార్డు ఉండాలి, మార్చగానే ఆ మనిషి ఫోన్‌కి మెసేజ్ పోవాలి. జీతం చీటీ మీద ఏ రోజుకి ఎన్ని గంటలో వేసి ఇవ్వండి.

మెషీన్‌కి 5కి 2 స్టార్లు ఇస్తున్నాను. దిద్దే పాస్‌వర్డ్ సూపర్‌వైజర్ దగ్గర ఉన్నంతకాలం మా ప్లాంటు హాజరు పద్ధతికి ఒక్కటి కూడా ఇవ్వను.