ఆసుపత్రి బిల్లుకు ఒక పాలసీ, ఇల్లు నడవడానికి ఇంకొకటి: 2016 నుంచి మా అనుభవం

మా ఇంట్లో ఆసుపత్రి బిల్లు కట్టే ఆరోగ్య బీమా, జాబితాలోని పెద్ద జబ్బు వస్తే ఒకేసారి మొత్తం ఇచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ 2016 నుంచి నడుస్తున్నాయి. మాది గుంటూరు. మావారు ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు, నేను ఇంటి దగ్గర ట్యూషన్లు చెబుతాను. ఇన్నేళ్లలో క్లెయిములు వచ్చాయి, కంపెనీ మారాం, ప్రీమియం పెరిగింది. పాలసీ తీసుకోవాలనుకునే బంధువులందరూ నన్ను ముందుగా అడిగేది "ఏ కంపెనీ మంచిది?" అనే. నేను మాత్రం రెండు విషయాలు చూడమంటాను. ఆరోగ్య బీమాలో గది అద్దె పరిమితి ఎంత? క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీలో ఒక్కో జబ్బుకు నిర్వచనం ఏమని రాశారు? కంపెనీ పేరు, పాలసీ మొత్తం, ప్రీమియం తర్వాత చూసుకోవచ్చు.

గది అద్దె సంగతి మాకు మామగారి హెర్నియా ఆపరేషన్‌తో తెలిసొచ్చింది. ఆయనది మూడు లక్షల పాలసీ. అందులో గది అద్దె పరిమితి పాలసీ మొత్తంలో ఒక శాతం, అంటే రోజుకు 3,000 రూపాయలు. ఆరోజు ఆసుపత్రిలో ఖాళీగా ఉన్నది 5,000 రూపాయల గది ఒక్కటే. తేడా రెండు వేలే కదా, అది మనం కట్టుకుంటే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. కోత అక్కడితో ఆగదు. మన ఆసుపత్రుల్లో జనరల్ వార్డుకు ఒక రేటు, సింగిల్ రూముకు ఇంకో రేటు. సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్ చార్జీలు అన్నీ గదిని బట్టి మారతాయి. అందుకని ఐదువేల గదికి మూడువేలే అర్హత ఉంటే మిగతా బిల్లులో కూడా 60 శాతమే ఇస్తారు. లక్ష రూపాయల బిల్లుకు 40 వేలు చేతినుంచి పడతాయి. అప్పట్లో చాలా పాలసీల్లో మందుల బిల్లుకూ ఈ కోత తగిలేది. 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూ చార్జీలను ఈ కోత నుంచి తప్పించింది. డాక్టరు ఫీజులకు, థియేటర్‌కు మాత్రం ఇప్పటికీ ఉంది. చాలా కంపెనీలు ఒకే షరతులతో అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీలో కూడా గది అద్దె రెండు శాతం, గరిష్ఠంగా రోజుకు 5,000 రూపాయలే. పైగా ఐదు శాతం కో-పే, అంటే ప్రతి క్లెయిములో మనం కట్టాల్సిన వాటా, ఉంటుంది. మధ్యతరగతి కుటుంబం తన ఒకే ఒక్క పాలసీగా దాన్ని పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

అందుకే 2019లో మా నలుగురి పాలసీని వేరే కంపెనీలో గది పరిమితి లేని ప్లానుకు పోర్ట్ చేసుకున్నాం, అంటే మార్చుకున్నాం. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలన్నది అప్పటి నియమం. పాత కంపెనీలో గడిపిన వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు క్లెయిము ఇవ్వని మొదటి కాలం) పాత పాలసీ మొత్తం వరకు కొత్తదానికి కలిసొస్తుంది. మామగారి పాలసీ కూడా మార్చాలని చూస్తే, షుగర్ ఉండటంతో కొత్త కంపెనీ ఆయన్ను తీసుకోలేదు. పాత కంపెనీలోనే ఇంకో ప్లానుకు మారి, పది శాతం కో-పేకు ఒప్పుకున్నాం. అత్తమామలది మొదటినుంచీ వేరే పాలసీ. ఇంటిల్లిపాదికీ ఒకే మొత్తం ఉండే ఫ్లోటర్ పాలసీలో ప్రీమియం అందరికంటే పెద్దవాళ్ల వయసును బట్టి లెక్కగడతారు కాబట్టి, పిల్లలున్న పాలసీలో పెద్దవాళ్లను కలపకపోవడమే మేలు. పైగా పెద్దాయన ఒక్క ఆపరేషన్‌తో మొత్తం వాడేస్తే పిల్లలకు ఏమీ మిగలదు.

2022లో మావారికి ఛాతీలో నొప్పి వస్తే వెంటనే తీసుకెళ్లాం. గుండెపోటు రాలేదు, యాంజియోగ్రామ్‌లో అడ్డంకి కనబడితే స్టెంట్ వేశారు. ఇక్కడే రెండు పాలసీలకూ తేడా ఏమిటో స్పష్టంగా కనబడింది. ఆరోగ్య బీమా బిల్లు కట్టింది. క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ రూపాయి ఇవ్వలేదు, ఇవ్వాల్సిన పని కూడా లేదు. దాని జాబితాలో ఉన్నవి నిర్ణీత తీవ్రత గల గుండెపోటు, ఛాతీ తెరిచి చేసే బైపాస్. మావారికి చేసిన యాంజియోప్లాస్టీ, అంటే స్టెంట్ వేయడం, అందులో లేదు. కొన్న రోజునే ఆ పేజీలు చదివాను కాబట్టి దానిమీద ఆశ పెట్టుకోలేదు. కొన్ని కంపెనీలు యాంజియోప్లాస్టీకి కొంత మొత్తం ఇస్తాయి. అది కావాలనుకునేవాళ్లు కొనేముందే అడిగి చూసుకోవాలి.

ఆ క్లెయిములో ఒక దగ్గర నాకు ప్రాణం మీదికొచ్చింది. అడ్మిషన్ అప్పుడు డ్యూటీ డాక్టరు "బీపీ ఎప్పటినుంచి?" అని అడిగితే, పక్కనున్న మా మరిది కంగారులో "పది పదిహేనేళ్ల నుంచి" అనేశాడు. కేస్‌షీట్‌లో అదే ఎక్కింది. బీమా కంపెనీ వెంటనే వివరణ అడిగింది, ఎందుకంటే మేము 2016లో పాలసీకి దరఖాస్తుగా ఇచ్చిన ప్రపోజల్ ఫారంలో రాసింది "రెండేళ్ల నుంచి" అని. మొదటి ప్రిస్క్రిప్షన్ 2014 నాటిది ఫైల్లో ఉండబట్టి అది పంపితే క్లెయిము ఆమోదించారు. ఆ జబ్బు పేరు అసలు ప్రపోజల్లోనే లేకపోతే కథ వేరేగా ఉండేది. "బీపీ రాయకండి, ప్రీమియం పెరుగుతుంది" అని చెప్పే ఏజెంట్ మాట దయచేసి వినకండి. ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా మూడేళ్లే, అంతకుముందు నాలుగు. ఐదేళ్లు పాలసీ తెగకుండా నడిస్తే, మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచారనే కారణంతో క్లెయిము తిరస్కరించకూడదు. నిజం రాసి మూడేళ్లు ఆగడం అన్నివిధాలా మంచిది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు జబ్బుల చరిత్ర తెలిసిన మనిషి ఒక్కరే డాక్టరుతో మాట్లాడాలి.

క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ విలువ మాత్రం తెనాలిలో ఉండే మా అక్క విషయంలో చూశాం. మాతోపాటే పది లక్షలకు తీసుకుంది. రొమ్ము క్యాన్సర్ అని బయాప్సీలో తేలాక చికిత్స హైదరాబాదులో. ఆపరేషన్, కీమో ఖర్చు ఆరోగ్య బీమా చూసుకుంది. కీమో డే కేర్ కిందికి వస్తుంది, 24 గంటలు పడుకోనక్కర్లేదు. కానీ అక్క బొటిక్ మూతపడింది, బావగారు జీతం లేని సెలవు పెట్టారు. ఆసుపత్రి దగ్గర అద్దె గది, ప్రయాణాలు, బలమైన తిండి, ఇంటి లోను వాయిదా, అబ్బాయి కాలేజీ ఫీజు: వీటికి ఆరోగ్య బీమా ఇవ్వదు. బయాప్సీ రిపోర్టు, ఫారాలు ఇచ్చాక పది లక్షలు ఒకేసారి ఖాతాలో పడ్డాయి, దేనికి ఖర్చుపెట్టారని ఎవరూ అడగలేదు. ఆ ఇల్లు అప్పుల పాలు కాకుండా నిలబడింది ఆ డబ్బుతోనే. అయితే షరతులు గుర్తుంచుకోవాలి. పాలసీ మొదలైన 90 రోజుల్లోపు బయటపడిన జబ్బుకు రాదు. జబ్బు నిర్ధారణ అయ్యాక సాధారణంగా 30 రోజులు మనిషి బతికుండాలి. క్యాన్సర్ ఇంకా పక్క కణజాలంలోకి పాకని తొలి దశలో ఉంటే రాదు. పక్షవాతంలో మూడు నెలలైనా లోపం మిగిలి ఉండాలి. ఒకసారి మొత్తం ఇచ్చాక పాలసీ ముగిసిపోతుంది. అందుకని దీన్ని ఆరోగ్య బీమాకు బదులుగా తీసుకోవద్దు. ముందు ఆరోగ్య బీమా, డబ్బులు మిగిలితే సంపాదించే మనిషి పేరున ఇది, అదీ కనీసం రెండేళ్ల ఇంటి ఖర్చంత.

మా నలుగురికీ ఇప్పుడు పది లక్షల ఫ్లోటర్, ఆ పది లక్షలు దాటిన ఖర్చుకు దానిపైన నలభై లక్షల సూపర్ టాప్-అప్ ఉన్నాయి. ఉట్టి టాప్-అప్ అనిపించుకునేది వేరు. పది లక్షలు దాటాకే ఇచ్చే టాప్-అప్ ఉండి, ఒకే ఏడాది ఆరు లక్షల చొప్పున రెండు బిల్లులు వస్తే అది ఏమీ ఇవ్వదు, ఒక్కో బిల్లు పది దాటలేదు కాబట్టి. సూపర్ టాప్-అప్ రెండూ కలిపి చూస్తుంది, రెండు లక్షలు ఇస్తుంది. గ్లౌజులు, మాస్కులు, డైపర్ల వంటివి పాలసీలు మామూలుగా ఇవ్వవు. వాటికోసం పాలసీకి జతచేసుకునే చిన్న రైడర్ ఉంటుంది, కోవిడ్ చూశాక నేను అది వదలను.

2024 చివర్లో అమ్మాయికి డెంగ్యూ వచ్చినప్పుడు క్యాష్‌లెస్‌కు, అంటే కంపెనీయే నేరుగా ఆసుపత్రికి బిల్లు కట్టే పద్ధతికి, కొత్త నిబంధన అమల్లో ఉంది. ఆసుపత్రి నుంచి తుది బిల్లు అందిన మూడు గంటల్లో కంపెనీ అనుమతి ఇవ్వాలి. కంపెనీ త్వరగానే ఇచ్చింది. ఆలస్యమంతా ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గరే, వాళ్లు ఫైలు పంపేదాకా గడియారం మొదలవదు. డాక్టరు డిశ్చార్జ్ రాయగానే ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర మనవాళ్లు ఒకరు కూర్చోవాల్సిందే.

ప్రీమియం భారమే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్లోటర్ పాలసీలపై 18 శాతం జీఎస్టీ ఎత్తేయడం మాకు పెద్ద ఊరట. 60 దాటినవాళ్లకు ఏడాదికి పది శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ముందు ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని కూడా అదే ఏడాది జనవరిలో చెప్పారు. అత్తగారికి, మామగారికి 70 దాటాయి కాబట్టి ఆయుష్మాన్ కార్డు అర్హత కూడా ఉంది. ఆదాయంతో పనిలేదు, ఐదు లక్షల వరకు వర్తిస్తుంది.

మావారి ఆఫీసు గ్రూపు పాలసీ కూడా ఉంది. దాన్ని మొదట వాడతాం, లెక్కలో మాత్రం వేసుకోం, ఉద్యోగం మానేసిన రోజున అది పోతుంది. అబ్బాయికి వచ్చే ఏడాది 25 నిండుతాయి, మా ఫ్లోటర్‌లో ఇక ఉండటానికి లేదు. పాత వెయిటింగ్ పీరియడ్ పోకుండా అదే కంపెనీలో వాడి పేరున వేరే పాలసీ చేయించడానికి రెన్యువల్‌కు ముందే రాసివ్వాలి. వాడి చేతే ప్రపోజల్ ఫారం నింపిస్తాను, చిన్నప్పటి ఆయాసం సంగతితో సహా.