ఓదాతెలో అకిటా: ముద్దు చేయడానికైతే వెళ్లకండి

పోయినేడాది మా అమ్మాయిని టోక్యోలో ఓ డాగ్ కెఫేకి తీసుకెళ్లాను. అరగంటకింత అని ముందే కట్టించుకుని, షిబా అనే చిన్న జపాన్ జాతి కుక్కని పదిమంది చేతుల మధ్య వదిలారు. అదేమో గోడవైపు తిరిగి పడుకుంది. బయటికొస్తూ మా అమ్మాయి, "నాన్నా, దానికి మనం నచ్చలేదు కదా" అంది. ఆ మాట నన్ను చాన్నాళ్లు వదల్లేదు. అందుకే ఈ ఫిబ్రవరిలో పనిగట్టుకుని ఉత్తర జపాన్‌లోని ఓదాతె అనే ఊరు వెళ్లాం, అకిటా జాతి కుక్కల్ని చూపించే 'అకిటా ఇను నో సాతో' అనే కేంద్రం చూడ్డానికి.

టోక్యో దగ్గరి ఒమియాలో కొమాచి అనే షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కి అకిటా నగరంలో దిగి, అక్కణ్నుంచి ఇంకో రైలు పట్టుకోవాలి. సగం రోజు ప్రయాణంలోనే పోతుంది. ఓదాతె స్టేషన్‌లో దిగాక మాత్రం నాలుగడుగులే. లోపలికి టికెట్ లేదు. భవనాన్ని టోక్యోలోని ఒకప్పటి షిబుయా రైల్వే స్టేషన్ నమూనాలో కట్టారు. యజమాని పోయిన 1925 నుంచి, తను పోయిన 1935 దాకా హచికో అనే అకిటా కుక్క ఆయన కోసం ఎదురుచూసింది ఆ స్టేషన్ దగ్గరే. ఆ కుక్క పుట్టిందేమో ఇక్కడ, ఈ ఓదాతెలో. కథ అందరికీ తెలిసిందే, అక్కడితో ఆపేస్తాను.

కుక్కలుండేది అద్దం వెనక. ముట్టుకోనివ్వరు. మా అమ్మాయి ముఖం వాడిపోయింది గానీ, నాకు మాత్రం ఈ పద్ధతే నచ్చింది. మేం వెళ్లేసరికి ఎర్ర రంగుది ఒకటి మంచి నిద్రలో ఉంది. ఇరవై నిమిషాలు నిలబడ్డాం. ఎవరో తలుపు తీసిన చప్పుడుకి లేచింది, మొరగలేదు. చెవులు మెడ వాలుకి సరిగ్గా ముందుకి వంగి ఉన్నాయి. చిన్న ముక్కోణపు కళ్లు. తోక చుట్టుకుని నడుం మీదకి వచ్చింది. చెంపలు, ఛాతీ, తోక అడుగుభాగం పాలమీగడ తెలుపు. దీన్ని ఉరాజిరో అంటారు. అమెరికన్ అకిటాలకుండే నల్ల ముసుగు ఈ జపాన్ జాతికి ఉండకూడదు.

చరిత్ర చదివాక ఆ నిద్రపోయే కుక్క మీద గౌరవం పెరిగింది. దీని పూర్వీకులు మతాగి అనే కొండ వేటగాళ్ల వెంట ఎలుగుబంటి వేటకి తిరిగినవి. తర్వాత ఈ ఊళ్లో కుక్కల పందేల పిచ్చి పట్టింది. గెలవాలని తోసా కుక్కలతోనూ, పడమటి దేశాల మాస్టిఫ్‌లతోనూ కలిపి అసలు రూపాన్నే పాడుచేశారు. దాన్ని మళ్లీ నిలబెట్టాలని 1927లో ఇక్కడే సంరక్షణ సంఘం పెట్టారు. 1931లో ప్రభుత్వం జాతీయ సహజ సంపదగా ప్రకటించింది. జపాన్ కుక్కల్లో ఆ గుర్తింపు మొదట దక్కింది దీనికే. అంతలో యుద్ధం. సైనికుల కోట్లకి తోలు కావాలని కుక్కల్ని పట్టుకుపోయారు. మిగిలింది బహు కొద్ది. పందెం కోసం చెడగొట్టిందీ మనుషులే, కోటు కోసం చంపిందీ మనుషులే. ఇక కొత్తవాళ్లని చూడగానే తోక ఊపలేదని దాన్ని ఏమనగలం?

బయట మంచు పడుతోంది. అప్పుడే ఒక పెద్దాయన తన మగ అకిటాని నడిపించుకుంటూ వచ్చాడు. నేలనుంచి భుజానికి 67 సెంటీమీటర్లు ఉండాలట మగదానికి. మా అమ్మాయికి దాదాపు నడుం పైదాకా ఉంది. అడిగితే సరేనన్నాడు. "తల మీద చెయ్యి పెట్టకు పాపా, గడ్డం కింద నుంచి" అని చూపించాడు. మా అమ్మాయి చేతిని అది ఒక్కసారి వాసన చూసి, మళ్లీ రోడ్డువైపు చూడ్డం మొదలెట్టింది. పైన బొచ్చు గరుగ్గా, నిటారుగా ఉంది. దాన్ని పాయ తీస్తే లోపల ఇంకో పొర, దూదిలాగ. వేళ్లు కణుపుల దాకా దిగిపోయి, వెచ్చగా తగిలింది. పైన పడ్డ మంచు మాత్రం కరక్కుండా అలాగే ఉంది! ఇంతలో అవతల ఇంకో మగకుక్క కనబడింది. ఈయన మాట ఆపేసి తాడు రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. ఇంకో మగదాన్ని అసలు సహించదట. మొదటిసారి కుక్కని పెంచేవాళ్లకి ఈ జాతి వద్దని కూడా చెప్పాడు.

ముద్దు చేయడానికైతే ఇంత దూరం దండగ. ఆ జంతువు ఎలా ఉంటుందో నింపాదిగా చూడాలనుకుంటే, నా లెక్కలో ఐదుకి ఐదు.

వచ్చేముందు ఆశ చావక, పిల్లని పెంచుకోవాలంటే ఎలాగని ఆయన్నే అడిగాను. ఇంట్లో ఎన్ని గదులన్నాడు. రెండన్నాను. పగలు ఇంటి దగ్గర ఎవరుంటారన్నాడు. ఎవరూ ఉండరన్నాను. ఎన్నో అంతస్తన్నాడు. ఆరన్నాను. కాసేపు కుక్కకేసి చూసి, వేలెత్తి లోపలున్న షాపు చూపించాడు. అక్కడ దూది బొమ్మలుంటాయట.