కెమెరాతో సొంత గడ్డ మీద నాలుగు రోజులు

జర్మనీలోని కొలోన్‌లో మా స్టూడెంట్ హాస్టల్‌లో పన్నెండు మందికి ఒకటే వంటగది. ఒక రాత్రి నేను పప్పుకు తాలింపు పెడుతుంటే, బ్రెజిల్ నుంచి వచ్చిన అమ్మాయి మీ ఊరు ఎట్లా ఉంటుందో చూపించమంది. ఫోన్ తీశాను. కొలోన్ పెద్ద చర్చివే రెండు వందల ఫోటోలున్నాయి. నల్గొండవి వెతికితే అక్క పెళ్లి, బతుకమ్మ ముందు మేమందరం, తమ్ముడి కొత్త బైక్. నేను పుట్టి పెరిగిన ఊరు ఒక్క ఫోటోలోనూ లేదు. సెమిస్టర్ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు కెమెరా పట్టుకుని మన వైపు తిరగాలని ఆ రాత్రే అనుకున్నాను.

ఫిబ్రవరి చివర్లో ఆ పని చేశాను. నాతోపాటు బ్రిటన్‌లో పీజీ ముగించుకుని వచ్చిన స్నేహితురాలు, మా తమ్ముడు వచ్చారు. సొంత బండి లేకుండా ఆర్టీసీ బస్సుల్లోనే తిరిగాం. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి మా ఇద్దరికీ ఆధార్ కార్డు చూపిస్తే సరిపోయింది. తమ్ముడికే టికెట్ పడింది. జర్మనీలో నా సెమిస్టర్ టికెట్‌తో దేశమంతా లోకల్ రైళ్లు, ప్రాంతీయ రైళ్లు ఎక్కవచ్చు. ఆ స్వేచ్ఛ ఎంత విలువైందో నాకు తెలుసు. చేతిలో డబ్బు తక్కువున్న స్టూడెంట్‌ను ఊళ్లు తిప్పేది అదే.

జర్మనీలో నేను నేర్చుకున్న మొదటి పాఠం కెమెరాది కాదు, అడగడం. క్రిస్మస్ సంతలో ఒక పెద్దాయనను దగ్గర నుంచి తీశాను. ఆయన నా దగ్గరికి వచ్చి, ఆ ఫోటో తీసేయమని మర్యాదగానే చెప్పాడు. మనిషి ఫోటోను ఆ మనిషి ఒప్పుకోకుండా బయటపెట్టకూడదని 1907 నుంచే అక్కడ చట్టం ఉందని తర్వాత తెలిసింది. పారిస్‌లో ఈఫిల్ టవర్ రాత్రి దీపాలకు కూడా హక్కులున్నాయి. మన కోసం తీసుకోవచ్చు గానీ, వ్యాపారానికి వాడాలంటే అనుమతి కావాలి. అదే పారిస్‌లో ఇరవై ఆరేళ్ల లోపు వాళ్లు యూరోపియన్ యూనియన్ దేశాల్లో నివాస కార్డు ఉంటే లూవ్ర్ మ్యూజియంలోకి ఉచితంగా వెళ్లొచ్చు. మనవాళ్లు చాలామందికి ఇది తెలియక టికెట్ కొంటున్నారు, అందుకే చెబుతున్నాను.

మొదటి రోజు పానగల్. నల్గొండ ఊరి అంచునే ఉంది. చిన్నప్పుడు శివరాత్రికి అమ్మ వేలు పట్టుకుని వెళ్లడమే తప్ప, ఛాయా సోమేశ్వరాలయాన్ని నిలబడి చూసింది లేదు. కందూరు చోడ రాజుల కాలపు గుడి, మూడు గర్భగుడులు. శివలింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పొద్దంతా నిలబడే ఉంటుంది. సూర్యుడు కదిలినా ఆ నీడ కదలదు. వెలుతురు నేరుగా పడకుండా, మండపం స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి రావడమే కారణమంటారు. పూజారి గారిని అడిగితే, "గర్భగుడిలోకి రావొద్దు, గడప ఇవతల నుంచి తీసుకో అమ్మా" అన్నారు. ఫ్లాష్ వేస్తే నీడే పోతుంది. తక్కువ వెలుతురులోనూ ఫోటో పడేలా కెమెరా ఐఎస్ఓ 3200 పెట్టి, ద్వారబంధానికి భుజం ఆనించి, ఊపిరి బిగపట్టి తీశాను. తొమ్మిదింటికి ఒకటి, పన్నెండింటికి ఒకటి, నాలుగింటికి ఒకటి. మూడింటిలోనూ నీడ ఒక్కచోటే ఉంది. కొలోన్ చర్చి గోపురం 533 మెట్లు ఎక్కి పైన తీసిన ఏ ఫోటో కన్నా నాకు ఈ మూడే ఎక్కువ.

గుడి బయట కొబ్బరికాయలు అమ్మే అవ్వను ఫోటో తీయొచ్చా అని అడిగాను. "ఒద్దంటనా బిడ్డా? ఆగు, కొంగు సరిజేసుకోనీ" అని లేచి నిలబడింది. తీశాక తెరమీద చూపిస్తే కళ్లు చికిలించి చూసి, "నాకొకటి తెచ్చియ్యి. అందరు తీస్కపోతరు గని చేతికియ్యరు" అంది. తెస్తానని మాటిచ్చాను.

అక్కడికి దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరాలయం, పక్కనే మ్యూజియం. శిల్పాల కోసమే వెళ్లాలి. సాయంత్రం ఉదయసముద్రం కట్ట మీద గాలి బాగుంటుంది.

రెండో రోజు నాగార్జునసాగర్. వరద రోజుల్లో ఇరవై ఆరు గేట్లూ ఎత్తినప్పుడు చూసినవాళ్లకు ఫిబ్రవరి సాగర్ బోసిగా అనిపిస్తుంది. గేట్ల కోసమైతే ఆగస్టు, సెప్టెంబర్‌లలో రండి. మాకు నచ్చింది బుద్ధవనం అనే బౌద్ధ పార్కు. 2022లో తెరిచారు, 274 ఎకరాలు. శ్రీలంక అవుకన బుద్ధుడి నమూనా దగ్గర పొద్దుగూకే వెలుతురు చాలా బాగా పడుతుంది. నీడ తక్కువ కాబట్టి మూడు దాటాకే వెళ్లాలి. జలాశయం మధ్యలో ఉన్న నాగార్జునకొండకు వెళ్లే లాంచీ తగినంత మంది పోగైతేనే కదులుతుంది. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు. లాంచీ కోసం మేము గంటన్నర ఎదురుచూశాం. అయినా కొండకు వెళ్లకుండా రావొద్దు. సాగర్ నీళ్లలో మునిగిపోయే లోయలోంచి తవ్వి తెచ్చిన శిల్పాలను ఎదురుగా చూస్తే గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉంటుంది.

ఆ రాత్రి దిగిన లాడ్జి మాత్రం బాధ పెట్టింది. వేడినీళ్లు ఉన్నాయన్నారు, లేవు. తలుపు గడియ సరిగా పడక, కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నాం. యూరప్‌లో ఎనిమిది పడకల డార్మిటరీల్లో నిద్రపోయాను. అక్కడ మన తాళం మనం తీసుకెళ్తే సామాను పెట్టుకోవడానికి లాకర్ ఉంటుంది, కెమెరా గురించి టెన్షన్ ఉండదు. ఆ ఒక్క లాకర్ మన లాడ్జీల్లోనూ పెడితే ఒంటరిగా తిరిగే ఆడపిల్లలకు ఎంత ధైర్యం! డబ్బు కట్టకముందే గదికి వెళ్లి గడియ, నల్లా చూసుకోండి.

మూడో రోజు చాలాసేపు ప్రయాణంలోనే పోయింది. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా బస్సులు మారి మహబూబ్‌నగర్ చేరేసరికి రెండు దాటింది. బస్టాండ్ దగ్గర జొన్నరొట్టె, పప్పు తిని ఆటోలో పిల్లలమర్రికి వెళ్లాం. ఏడు వందల ఏళ్ల మర్రి అంటారు. 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. చెదలు పట్టిందని 2018లో సెలైన్ సీసాలు కట్టి చెట్టుకు మందు ఎక్కించారు. ఇప్పుడు దూరం నుంచే చూడాలి. ఊడల మీద ఎక్కి ఆడుకున్న చిన్నతనం గుర్తున్నవాళ్లకు అది కష్టమే, కానీ చెట్టు బతకాలంటే అదే సరైన పని. మొత్తం చెట్టు ఏ లెన్స్‌కూ అందదు. నేను ప్రయత్నం మానేసి, నేలకు దిగిన ఊడల్ని, కొమ్మలకు ఆసరాగా కట్టిన దిమ్మెల్ని తీశాను.

నాలుగో రోజు అలంపూర్ గుడుల మీద తెల్లవారి వెలుతురు కావాలంటే రాత్రికి అక్కడే ఉండాలి. కర్నూలు బస్సెక్కి అలంపూర్ చౌరస్తాలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. గది చిన్నది, దోమలు ఎక్కువ, కానీ నడిపే అమ్మ నాలుగున్నరకే తలుపు తట్టి టీ ఇచ్చింది. సాగర్ గది కన్నా తక్కువ డబ్బుకు ఎంతో నిమ్మళంగా పడుకున్నాం.

పొద్దు పొడిచే వేళ నవబ్రహ్మ ఆలయాల ఆవరణలో మేము ముగ్గురమే ఉన్నాం. బాదామి చాళుక్యులు కట్టిన గుడులు, ఉత్తరాది తీరు శిఖరాలు. తూర్పు నుంచి వెలుతురు అడ్డంగా పడి రాతిలోని ఎరుపు పైకి తేలింది. స్వర్గబ్రహ్మ ఆలయం గోడల దగ్గర గంటసేపు ఉండిపోయాను. ఎనిమిదిన్నరకల్లా ఆ రంగు పోయి, శిల్పాలు చదునుగా కనిపించాయి. జర్మనీలో డిసెంబర్‌లో ఎనిమిదిన్నరకు గానీ పొద్దు పొడవదు, పొడిచినా మబ్బే. ఇంత వెలుతురు రోజూ మన గుమ్మంలో పడుతుంటే నేను ఒక్కరోజైనా లేచి చూడలేదు. జోగులాంబ అమ్మవారి గుడిలో కెమెరా వద్దన్నారు, సంచిలో పెట్టేసి దండం పెట్టుకున్నాం. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునగకుండా కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టిన సంగమేశ్వరాలయాన్ని కూడా తప్పక చూడండి.

చదువుకు బయటికి వెళ్లే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఫోటోలు ఏ రోజువి ఆ రోజే రెండు చోట్ల దాచుకోండి. నా మెమరీ కార్డు పాడై మొదటి ఆరు వారాలు మొత్తం పోయాయి. వెళ్లేముందు మీ ఊరిని కూడా తీసుకెళ్లండి.

ఇంటికొచ్చిన మర్నాడు స్టూడియోలో అవ్వ ఫోటో ప్రింట్ వేయించి పానగల్ వెళ్లాను. అవ్వ తడి చేతులు చీరకు తుడుచుకుని అంచులు పట్టుకుని చూసింది. "ఎనక గుడి గూడ పడ్డది" అంది. తర్వాత ఎంతియ్యాలని అడిగింది. ఏమీ వద్దంటే, బుట్టలోంచి ఒక కొబ్బరికాయ తీసి, చెవి దగ్గర ఊపి చూసి, నా సంచిలో పెట్టింది.