గొడవల ట్రైనింగ్ బానే ఉంది, రావాల్సినవాళ్లే రాలేదు

పేషెంట్ తాలూకు వాళ్లు మీదికొస్తే ఏం చేయాలో నేర్పించడానికి మా ఆస్పత్రి వాళ్లు బయటి సంస్థను పిలిపించి, క్యాజువాలిటీ, ఐసీయూ స్టాఫ్‌కి ఒక రోజు ట్రైనింగ్ పెట్టించారు. స్లైడ్లు, సమోసాలతో సరిపెడతారనుకున్నా గానీ, పనికొచ్చేవే చెప్పారు.

బాగా నచ్చింది నిలబడే పద్ధతి. కోపంగా ఉన్న మనిషికి సూటిగా ఎదురు నిలబడకుండా కాస్త పక్కకి తిరిగి, చేతికి అందనంత దూరంలో, మన చేతులు కనబడేలా ఉండాలి. తలుపు మనకి దగ్గర్లో ఉండాలి, అలాగని అవతలివాళ్ల దారికి అడ్డం రాకూడదు. మణికట్టు పట్టుకుంటే ఊరికే వెనక్కి గుంజుకోవడం కాదట, వాళ్ల బొటనవేలి వైపుకి తిప్పి లాగాలి, పట్టు వదులయ్యేది అక్కడే. మాలో అందరికంటే బక్కగా ఉండే సిస్టర్ దిట్టంగా ఉన్న మా బ్రదర్ (మేల్ నర్స్) చేతిలోంచి ఇట్టే విడిపించుకుంది, హాలంతా ఈలలే! జుట్టు పట్టుకుంటే ఆ చేతిని మన రెండు చేతులతో తలకే అదిమిపెట్టాలి. స్టెతస్కోప్ మెడలో వేలాడదీసుకోవద్దన్నారు.

చట్టం సంగతి గబగబా ముగించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చిన చట్టం ప్రకారం సిబ్బంది మీద దాడి చేస్తే 3 ఏళ్ల దాకా జైలు, నాన్‌బెయిలబుల్ కేసు, పగలగొట్టిన సామానుకి రెట్టింపు కట్టాలి. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో డాక్టర్‌ని హత్య చేసిన ఘటన తర్వాత, 2024 ఆగస్టులో, దాడి జరిగిన 6 గంటల్లోపు ఆస్పత్రి పెద్దే ఎఫ్ఐఆర్ పెట్టించాలని కేంద్రం తన ఆస్పత్రులకి చెప్పింది. మరి మన దగ్గర ఎవరు పెడతారని అడిగితే హెచ్‌ఆర్ మేడమ్ "నోట్ చేసుకుంటాం" అన్నారు.

తేలిపోయింది రోల్‌ప్లే. ట్రైనర్ గారు పేషెంట్ బంధువులా నటిస్తూ ఇంగ్లీషులో మర్యాదగా కోప్పడ్డారు. మా దగ్గర అర్ధరాత్రి ఒక పేషెంట్ వెంట ఆటో నిండా జనం దిగుతారు, వెనకాలే లీడర్ ఫోను, "మా మామకి ఏమన్నా అయితే ఒక్కొక్కడి సంగతి చూస్తా" అంటూ. అప్పుడు మా సీనియర్ సిస్టర్ "అన్నా, మీలో పెద్దవాళ్లెవరు? మీరొక్కరు రండి, అంతా చెప్తా" అని ఒకరిని పక్కకి తీసుకెళ్లి కూర్చోబెడుతుంది. ఇలాంటిది ఒక్కటీ చేయించలేదు.

పైగా గొడవ సగం సార్లు మొదలయ్యేది బిల్లింగ్ కౌంటర్ దగ్గర. వాళ్లనీ పిలవలేదు, సెక్యూరిటీనీ పిలవలేదు, ఆయమ్మల్నీ పిలవలేదు.

ఐదుకి మూడున్నర ఇస్తా. మీ దగ్గర పెట్టిస్తే ముందు బిల్లింగ్, సెక్యూరిటీ, ఆయమ్మల్ని పంపమని అడగండి. నైట్ డ్యూటీ దిగినవాళ్లని మాత్రం అదే పొద్దున కూర్చోబెట్టకండి, మా వెనక వరుసంతా నిద్రే.