జాగ్రత్తండోయ్: ‘ముగ్గురు స్టార్లున్న రెడీమేడ్ బేస్‌బాల్ జట్టు’కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

అమెరికా బేస్‌బాల్ స్టార్లు ఒహ్తానీ, ట్రౌట్, డిగ్రోమ్ ముగ్గురి ఫొటోలూ పక్కపక్కన పెట్టి, "జట్టు రెడీ, మీరు మేనేజర్ అవ్వడమే తరువాయి" అని రాసిన పోస్టర్ ఒకటి మన గోదావరి జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. అమలాపురం, పాలకొల్లు, భీమవరం గ్రూపుల్లో నేనే చూశాను. ధర రూ.6,500, సీజన్ ఫీజు వేరే. దయచేసి ఎవరూ కట్టకండి. ఆన్‌లైన్ ఆటలోని ఆ జట్టు మొన్నటిదాకా మాదండి. మేం ఎవరికీ అమ్మలేదు. మా దగ్గర లాక్కుని మళ్ళీ అదే జట్టుని అమ్మకానికి పెట్టారు.

లీగ్ పేరు, అమ్మిన కుర్రాడి పేరు రాయను. పోస్టర్ మీదాకా వస్తే మీరే గుర్తుపడతారు.

ఈ ఆట తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. అమెరికాలో ఆ రోజు జరిగిన మ్యాచ్‌లకి పాయింట్లు లెక్కేసే ఫాంటసీ కాదిది. అయిపోయిన ఒక సీజన్‌లో ఆటగాళ్ళు చేసినదంతా కార్డులుగా మార్చి, ఆ కార్డులతో కంప్యూటర్ రోజూ మ్యాచ్‌లు ఆడిస్తుంది. కాగితం కార్డులు, పాచికలతో ఆడే స్ట్రాట్-ఓ-మ్యాటిక్ 1961 నుంచీ ఉంది, ఇదీ ఆ దారిలోదే. మనం చేసేది మేనేజర్ పని. అవతల ఎడంచేతి పిచ్చర్ (బంతి వేసేవాడు) ఉంటే ఏ లైనప్ (ఆడేవాళ్ళ వరుస), కుడిచేతి పిచ్చర్ ఉంటే ఏ లైనప్, మ్యాచ్ మొదలుపెట్టిన పిచ్చర్ అలసిపోతే ఎప్పుడు దించాలి, చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కి ఎవర్ని దాచుకోవాలి, ఇలాంటివి. గడువు అమెరికా తూర్పు తీరం టైంలో రాత్రి పదకొండు. మనకి పొద్దున్న ఎనిమిదిన్నర, నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పాక తొమ్మిదిన్నర. రాత్రి చెరువు దగ్గర కాపలా కాసొచ్చి కాఫీ తాగుతూ లైనప్ పెట్టుకోవచ్చు, మనకి మహా కుదురుతుంది. నా స్ప్రెడ్‌షీట్లు చూసి మా అమ్మ రొయ్యల మేత లెక్కలనుకునేది. ఆటకి వంక పెట్టనండి. నా గొడవంతా అమ్మకం గురించే.

మా బావ డాలస్‌లో ఉంటాడు. ఆ వైపు జట్టు టెక్సాస్ రేంజర్స్ అంటే ప్రాణం, డిగ్రోమ్ అంటే మరీనూ. నేనూ, బావా, మా రాజోలు స్నేహితుడూ కలిసి ఒక జట్టు తీసుకుందామనుకుంటుండగా ఈ కుర్రాడు ఫోన్ చేశాడు. మన వైపు యాసే, మాట తియ్యన. "అన్నయ్యా, పాతాయన ఉద్యోగం మారి వదిలేశాడండి. ముగ్గురూ దేవుళ్ళే. ఒహ్తానీ ఒక్కడే బంతీ వేస్తాడు, బ్యాటూ ఊపుతాడు, రెండు కార్డులకి ఒక్క జీతం. రేపటికి ఉంటుందో ఉండదో చెప్పలేనన్నయ్యా." కార్డులు చూపించమన్నాం. డబ్బు కట్టని వాళ్ళకి సైట్ చూపించదన్నాడు. నిజంగానే చూపించదు. కట్టేదాకా కనిపించేది ఫొటో, పేరు, కెరీర్ మొత్తం లెక్కలు, గెలుచుకున్న అవార్డులు. ట్రౌట్ మూడుసార్లు ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు. డిగ్రోమ్‌కి మేటి పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డులు రెండు. ఇవన్నీ నిజాలే. ఈ లీగ్ మాత్రం 2024 సీజన్ కార్డులతో నడుస్తోంది. ఆ సంగతి పోస్టర్ మీద ఎక్కడా లేదు.

డబ్బు కట్టాక కార్డులు తెరుచుకున్నాయి.

2023 సెప్టెంబరులో ఒహ్తానీకి మోచేతి ఆపరేషన్ అయ్యింది. 2024లో అతను ఒక్క బంతి కూడా పిచ్ చెయ్యలేదు. కాబట్టి పిచ్చింగ్ కార్డే లేదు. బ్యాటింగ్ కార్డు అద్భుతం, 54 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), 59 స్టీల్స్ (పిచ్చర్ కళ్ళు గప్పి తర్వాతి బేస్‌కి పరుగెత్తడం), ఆ మాట ఒప్పుకుంటాను. ముగ్గురిలో పనికొచ్చిన వాడు ఇతనొక్కడే.

ట్రౌట్ ఆ ఏడాది మోకాలి దెబ్బతో ఆడింది 29 మ్యాచ్‌లు. సీజన్‌లో ఉండేవి 162.

ఇక డిగ్రోమ్. ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, ఎంత తక్కువైతే అంత మేలు) 1.69 అని పచ్చరంగులో మెరిసిపోతూ ఉంటుంది. దాని పక్కన చిన్న అక్షరాల్లో ఇన్నింగ్స్ 10.2 అని ఉంటుంది. బేస్‌బాల్‌లో చుక్క తర్వాత ఉండేది దశాంశం కాదు, ఆ ఇన్నింగ్స్‌లో ఎన్ని అవుట్లు తీశాడన్న లెక్క. పది ఇన్నింగ్స్, పైన రెండు అవుట్లు. మోచేతికి చేసే టామీ జాన్ ఆపరేషన్ రెండోసారి చేయించుకుని, దాన్నుంచి కోలుకుని సెప్టెంబరులో మూడు మ్యాచ్‌లు వేశాడంతే. జట్టుకి సీజన్ మొత్తం మీద కావాల్సినవి సుమారు 1,458 ఇన్నింగ్స్. కార్డు మీదున్న దానికంటే పది శాతానికి మించి ఎక్కువగా ఎవర్నీ ఆడించకూడదని ఇలాంటి లీగుల్లో వాడకం పరిమితి పెడతారు. అది న్యాయమైన నియమమే, లేకపోతే ముప్ఫై బంతులు ఆడినవాడు ఏడాదంతా రాజ్యమేలతాడు. ఆ లెక్కన డిగ్రోమ్‌ని రెండు మ్యాచ్‌లు వేయించేసరికి ఇక ఆడించడానికి లేదని పేరు మీద ఎర్రగీత పడింది. మా బావ ఆ గీత స్క్రీన్‌షాట్ తీసి పంపి, కింద ఏమీ రాయలేదు.

పైన పటారం, లోన లొటారం అంటే ఇదేనండి. ఒక్క అబద్ధం అంకె కూడా చూపించకుండా మోసం చెయ్యొచ్చని అప్పుడే చూశాం.

జీతాల సంగతి దీనికి పైమెట్టు. ఈ లీగ్‌లో జట్టు జీతాల పరిమితి 20 కోట్ల డాలర్లు, అసలు కాంట్రాక్టుల్ని ఏడాదికి సగటు కట్టి లెక్కిస్తారు. ఒహ్తానీది పదేళ్ళకి 70 కోట్లు, అంటే ఏడాదికి 7 కోట్లు. అందులో 68 కోట్లు 2034 నుంచి ఇచ్చేలా రాసుకున్నారు కాబట్టి అతని జట్టు డాడ్జర్స్ ఇప్పుడు ఏటా చేతికిచ్చేది 20 లక్షల డాలర్లే. ఆ సర్దుబాటు మా లీగ్‌కి పట్టదు. ట్రౌట్‌ది 2030 దాకా నడిచే పన్నెండేళ్ళ కాంట్రాక్టు, 42.65 కోట్లు. డిగ్రోమ్‌ది అయిదేళ్ళకి 18.5 కోట్లు. ముగ్గురికీ కలిపి ఏడాదికి 14.25 కోట్లు పోతే, మిగతా 23 మందికి మిగిలేది 5.75 కోట్లు. ఒక బ్యాటరూ, ఇద్దరు విశ్రాంతి తీసుకునేవాళ్ళూ ఇల్లంతా తినేస్తుంటే పిచ్చర్లని ఏం పెట్టి కొంటామండి? పైగా ఈ జట్టుకి తగిలించిన సొంత మైదానం డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ నమూనా. సముద్రమట్టానికి మైలు ఎత్తున, పల్చటి గాలిలో బంతి ఆగకుండా పోయే చోటు. మా పిచ్చర్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

పోనీ కొత్త కుర్రాళ్ళని డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా ఆటగాళ్ళని ఎంచుకునే చోట) తీసుకుని రెండేళ్ళలో జట్టు కట్టుకుందామంటే, 2026, 2027 మొదటి రౌండు పిక్కులు, అంటే ఎంచుకునే వంతులు, రెండూ ముందే వేరే జట్టుకి వెళ్ళిపోయాయి. కోనసీమ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, తోట మన పేర రాశారు, రాబోయే దింపుల డబ్బు మాత్రం ఎవరో ముందే పట్టుకుపోయారు. పట్టుకుపోయింది ఎవరా అని లావాదేవీల పేజీలో వెనక్కి వెతికితే, లీగ్ పెద్ద అయిన కమిషనర్‌తో పాటు లీగ్ నడిపే మనిషి జట్టు. ఇచ్చిన తేదీ పోస్టర్ మాకు రావడానికి ముందు వారం. అంటే అమ్మేముందు జట్టుని పిండేసి, పిప్పి మాకు అంటగట్టారు.

అయినా ఆడాం. ట్రౌట్‌ని ఇచ్చి ఒక మామూలు పిచ్చర్ని, ఏడాదికి 180 ఇన్నింగ్స్ లాగేవాణ్ణి, తీసుకుందామని ఒకాయనతో ఒప్పందం చేసుకున్నాం. లీగ్ కమిటీ ఒప్పుకోలేదు, "లీగ్ సమతూకానికి భంగం" అట. వారం తిరక్కుండా అదే పిచ్చర్ కమిషనర్ జట్టులో తేలాడు. దీని గురించి ఎక్కువ రాయను, లీగుల్లో ఇలాంటివి మామూలే అనేవాళ్ళు ఉంటారు.

తర్వాత జరిగింది మాత్రం మామూలు కాదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మన తీరం దాటింది. ముందురోజే కమిషనర్‌కి రాశాను. తుపాను వస్తోంది, కరెంటు, సిగ్నల్ పోవచ్చు, మేం లాగిన్ కాలేకపోతే పాత లైనప్పే నడిపించండి అని. అతను బొటనవేలు బొమ్మ పెట్టాడు. చూసి నిశ్చింతగా ఉన్నాం. మా వైపు స్తంభాలు ఒరిగిపోయాయి, టవర్లు మూగబోయాయి. చెరువు దగ్గర ఏరేటర్లు ఆగితే రొయ్య తేలిపోతుంది కాబట్టి జనరేటర్‌కి డీజిల్ వెతుక్కోవడమే సరిపోయింది. డాలస్‌లో బావ లాగిన్ అవుదామంటే ఓటీపీ వచ్చేది నా నంబరుకి. సిగ్నల్ వచ్చి ఫోన్ తెరిచేసరికి మెసేజ్ ఉంది: "72 గంటలు లాగిన్ లేనందున జట్టు వదిలివేయబడినదిగా పరిగణించి లీగ్ స్వాధీనం చేసుకున్నది." మరి మీరు పెట్టిన బొటనవేలు సంగతేమిటని అడిగితే, అది "చూశాను" అని మాత్రమే, అనుమతి కాదన్నాడు. ఆ సాయంత్రమే పోస్టర్ మళ్ళీ బయటికి వచ్చింది.

డబ్బు వెనక్కి అడిగాం. డిజిటల్ వస్తువులకి రీఫండ్ ఉండదన్నారు. మేం కట్టింది లీగ్ పేరున్న ఖాతాకి కాదు. కుర్రాడు పంపిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఎవరో మనిషి పేరు వచ్చింది. "మా అకౌంటెంటండి" అన్నాడప్పుడు. ఇప్పుడు లీగ్ వాళ్ళు ఆ కుర్రాడు మా మనిషి కాదంటున్నారు, కుర్రాడు లీగ్ వాళ్ళని అడగమంటున్నాడు. ఈ గోలలో ఉండగానే వచ్చే సీజన్ ఫీజు ఆటోపేలో కోసేశారు. లేని జట్టుకి ఫీజు!

ఇప్పటికే కట్టినవాళ్ళు ముందు మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోటికి వెళ్ళి ఆ మాండేట్ రద్దు చెయ్యండి. దానికి అవతలివాళ్ళ అనుమతి అక్కర్లేదు. కార్డుతో డాలర్లలో కట్టినవాళ్ళు స్టేట్‌మెంట్ చూసుకోండి, మారకం ఛార్జీ, దాని మీద జీఎస్టీ వేరే పడతాయి.

ఇలాంటి జట్టు ఎవరు అమ్మజూపినా, కార్డు పేజీ స్క్రీన్‌షాట్ అడగండి. అందులో సగటు, ఈఆర్ఏ కాదు చూడాల్సింది. బ్యాటర్ అయితే ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, పిచ్చర్ అయితే ఎన్ని ఇన్నింగ్స్ వేశాడు అన్నది ముందు. అవి ఏ ఏడాది కార్డులన్నది రాయించుకోండి. తర్వాత కాంట్రాక్టులు ఏ ఏడాదికి ఎంత, డ్రాఫ్ట్ పిక్కులు ఎవరి దగ్గరున్నాయి, వదిలేసిన పాత మేనేజర్ ఎవరు. ఆ పాతాయనతో ఒక్కసారి మాట్లాడనివ్వమంటే చాలు, సగం సంగతి తేలిపోతుంది. మేం అడిగితే "ఆయన నంబరు మార్చేశాడన్నయ్యా" అన్నాడు. ఇప్పుడు మా గురించి కూడా అదే చెబుతున్నాడని పాలకొల్లు నుంచి ఒకతను ఫోన్ చేసి చెప్పాడు. నా నంబరు మారలేదు.

ఇంకొకటి. కొత్త పోస్టర్‌లో గెలిచిన జట్టుకి నగదు బహుమతి అని చేర్చారు. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2020 నుంచీ నిషేధం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది, అలాంటి ఆట నడిపితే మూడేళ్ళ దాకా జైలు, కోటి దాకా జరిమానా. సర్వర్ అమెరికాలో ఉంది కాబట్టి మనకి వర్తించదని కుర్రాడు చెబుతున్నాడట. భీమవరంలో కూర్చుని భీమవరం వాళ్ళ దగ్గర డబ్బు తీసుకుంటూ ఆ మాట అనడానికి గుండె కావాలి. సరదాకి ఆడుకునే లీగ్ వేరు, బహుమతి ఆశ చూపించి ఫీజు గుంజేది వేరు. రెండోదాని జోలికి అసలు పోకండి.

మేం 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇచ్చాం, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా నమోదు చేశాం. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలంటే అవతలివాడు ఎక్కడున్నా 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు, మీరు కట్టింది అయిదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. మా బావైతే ఆరున్నర వేలకి ఇంత రామాయణం ఎందుకురా అంటున్నాడు, ఆయనకి డాలర్లలో అది చిన్నదే.

ఆ క్యూఆర్ కోడ్‌కి డబ్బు పంపిన వాళ్ళు ఇంకా ఉన్నారని నాకు తెలుసు, కనీసం ఇద్దరితో మాట్లాడాను. మీ దగ్గరున్న చెల్లింపు రసీదు, పోస్టర్ స్క్రీన్‌షాట్, కుర్రాడితో జరిగిన చాట్ ఏవీ చెరిపేయకండి. నాకు మెసేజ్ పెట్టండి, అందరివీ కలిపి ఒకే ఫిర్యాదుగా వేద్దాం.