ఏ శుభలేఖ మేలు: మడత కార్డా, బాక్స్ కార్డా, ఫోనులో పంపేదా?

మా పెళ్లికి శుభలేఖ ఎంచుకోవడానికి నేను, నాకు కాబోయే భర్త కలిసి హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్తాబజార్‌కు రెండుసార్లు వెళ్లాం. పెళ్లి కార్డుల ముద్రణకు పేరుపడిన ఆ వీధి నుంచి తెచ్చుకున్న నమూనాలలో ఒక్కొక్కటీ పక్కన పెడుతూ వస్తే చివరికి రెండు మిగిలాయి. ఒకటి పసుపురంగు కాగితంపై ఎర్రని అక్షరాలతో ఉన్న మడత కార్డు. రెండోది గట్టి అట్టపెట్టెలో మూడు విడి కార్డులు, వాటిపై బంగారు ఫాయిల్ అక్షరాలు ఉన్న బాక్స్ కార్డు. వీటికి తోడు, అసలు కాగితమే వద్దు, వాట్సాప్‌లో పంపితే చాలునని స్నేహితులు చెప్పిన మూడో మార్గం ఉంది.

మాది తెనాలి, వారిది కరీంనగర్. మేము శుభలేఖ అనేదాన్ని వారింట్లో పెళ్లి పత్రిక అంటారు. అందచందాలను పోల్చడానికి ముందు, పిలవవలసినవారి జాబితాను ఇద్దరం కూర్చుని రాశాం. అందులో సగానికి పైగా అరవై దాటిన పెద్దలు, ఇంగ్లీషు కంటే తెలుగు సులువుగా చదివేవారు. ఆ జాబితా చూశాక, ఏ కార్డు బాగుందన్న ప్రశ్న పోయి, ఏ కార్డు వారి చేతిలో పనికివస్తుందన్న ప్రశ్న మిగిలింది.

అన్నిటికంటే ముందు చూడవలసింది ముహూర్తం రాసే తీరు. మా ముహూర్తం బుధవారం రాత్రి 2 గంటల 14 నిమిషాలకు. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కనుక అది ఇంకా బుధవారమే. గడియారం ప్రకారం అర్ధరాత్రి దాటింది కనుక గురువారం. మన పాత శుభలేఖలు ఈ చిక్కును ‘తెల్లవారితే గురువారం’ అనే రెండు మాటలతో ఎంతో చక్కగా విప్పుతాయి. బాక్స్ కార్డులో ఇంగ్లీషు నమూనా ప్రకారం తేదీకి, వారానికి, గంటకు తలా ఒక చిన్న గడి మాత్రమే ఉంది. ఈ మాటకు అందులో చోటు లేదు. మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్లికి సరిగ్గా ఇలాంటి కార్డే వేయించారు. గురువారం అని మాత్రమే చూసిన రెండు కుటుంబాలవారు గురువారం రాత్రికి వచ్చారు. అప్పటికి పెళ్లి అయిపోయి, పందిరి కూడా విప్పేశారు. అంత దూరం నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఖాళీ మండపం ముందు నిలబడిన దృశ్యం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. అందుకే ఈ ఒక్క విషయంలో నేను ఏమాత్రం సర్దుకోలేదు.

రెండోది కాగితం. మన వైపు దగ్గరివారిని బొట్టు పెట్టి పిలుస్తాం, శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాస్తాం. మడత కార్డు కాగితానికి పూత లేదు కనుక తడి పసుపును పీల్చుకుని నిలుపుకుంటుంది. బాక్స్ కార్డుపై ప్లాస్టిక్ లామినేషన్ ఉంది. మేము ఇంట్లో రాసి చూస్తే ఆరిన పసుపు పొలుసులుగా రాలిపోయింది. బరువు సంగతి కూడా ఉంది. ఏ4 పరిమాణంలో 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాగితం ఒక్కటే దాదాపు 19 గ్రాములు తూగుతుంది, కవరుతో కలిస్తే 20 దాటుతుంది. ఉత్తరాలకు తపాలా రుసుము 20 గ్రాములకు ఒక మెట్టు చొప్పున పెరుగుతుంది. అదే పరిమాణంలో 200 జీఎస్‌ఎం కాగితమైతే పన్నెండున్నర గ్రాములే. బాక్స్ కార్డును మామూలు ఉత్తరంలా పోస్టు డబ్బాలో వేయలేం, పార్సిల్‌గా పంపాలి.

అక్షరాల దగ్గర నాకు మరింత పట్టింపు ఉంది. ఫాయిల్ ముద్రణలో వేడిచేసిన అచ్చు బంగారు పొరను కాగితంపై అదుముతుంది. పెద్ద అక్షరాలకు అది నిజంగా అందం తెస్తుంది, కానీ చిన్న అక్షరాలలో వత్తుల మధ్య ఉండే సన్నని ఖాళీలు పూడిపోతాయి. నమూనా కార్డులో ‘లక్ష్మి’ అన్న మాటలో క్షకారం కింద ఉన్న మకారపు వత్తు ఒక బంగారు మచ్చలా కనిపించింది. స్క్రీన్ ప్రింటింగ్‌లో, అంటే సన్నని జాలీ గుండా సిరా అద్దే ముద్రణలో, సిరా దళసరిగా పడినా అదే పరిమాణంలో అక్షరం విడివిడిగా తెలిసింది. ఇక తెలుగును సరిగా కూర్చలేని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లలో వత్తు విడిపోయి పొల్లు అక్షరంగా మారడం తరచుగా చూస్తున్నాం. చి.ల.సౌ. అని గౌరవంగా మొదలుపెట్టి, ఆ వెంటనే పెళ్లికూతురి పేరునే విరగ్గొట్టడం ఎంత అన్యాయం! శీర్షికకు రామభద్ర, లోపలి పాఠానికి మండలి ఫాంట్లు వాడమని దుకాణంలో అడిగాం. రెండూ యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరాలను గుర్తించే ప్రమాణం) ఫాంట్లు, ఉచితంగా దొరికేవి.

బాక్స్ కార్డు పక్షాన నాకు కాబోయే భర్త చెప్పిన మాటలను తేలికగా తీసుకోలేదు. పెట్టెలో మిఠాయో, ఎండు ద్రాక్షో పెట్టి ఇవ్వవచ్చు, అందుకున్నవారు దాన్ని చాలాకాలం దాచుకుంటారు, వారి అమ్మగారికి ఆ బంగారు రంగు ఎంతో నచ్చింది. అయితే మాకు చెప్పిన ధర ప్రకారం మడత కార్డు కవరుతో సహా 18 రూపాయలు, బాక్స్ కార్డు 140. నాలుగు వందల కార్డులకు మడత కార్డైతే 7,200 రూపాయలు, బాక్స్ కార్డైతే 56,000. ఈ తేడాను పెట్టెల మీద కాక, భోజనాల మీద పెట్టవచ్చని ఆయనే లెక్క వేసి చెప్పారు.

వాట్సాప్ పిలుపు చవక, త్వరగా చేరుతుంది, పెళ్లి మండపానికి దారి చూపే లింకు జత చేయవచ్చు. కానీ ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా ఒక్కోదానిలో 256 మందికే పంపగలం, అదీ మన నంబరును దాచుకున్నవారికే అందుతుంది. పైగా పెళ్లి పిలుపు పేరుతో ఏపీకే ఫైళ్లు (ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్‌ను ఎక్కించే ఫైళ్లు) పంపి ఫోన్లలోకి చొరబడే మోసాల గురించి 2024లో హిమాచల్ ప్రదేశ్ పోలీసులు హెచ్చరించారు. అలాంటివి తెరవవద్దని పెద్దలకు మనమే చెబుతూ, మళ్లీ మనమే ఫైలు పంపి తెరవమనడం బాగుండదు. అందుకని పంపితే మామూలు చిత్రమే పంపాలి. ఇంకో మాట, వివాహ నమోదుకు వెళ్లినప్పుడు ఫొటోలతో పాటు అచ్చయిన పెళ్లి పత్రికను కూడా అడుగుతారు.

చివరికి మడత కార్డే ఖాయం చేసుకున్నాం. అత్తగారి కోరిక మన్నించి, పైపుటలో మా ఇద్దరి పేర్లు మాత్రం పెద్ద ఫాయిల్ అక్షరాలలో వేయిస్తున్నాం. ఇతర రాష్ట్రాలలోను, విదేశాలలోను ఉన్న స్నేహితులకు అదే కార్డు చిత్రాన్ని, ఇంగ్లీషు పాఠంతో మరో పుట చేర్చి వాట్సాప్‌లో పంపుతాం. అందులో గడియారం ప్రకారం గురువారం అని ఉంటుంది, దాని కిందే బుధవారం రాత్రికే మండపానికి చేరుకోవాలని విడిగా రాయించాం. అచ్చుకు ఇచ్చే ముందు ప్రూఫును కరీంనగర్‌లో ఉన్న వారి నాయనమ్మగారికి చూపిస్తే, కీ.శే. అని ఉండవలసిన తాతగారి పేరు ముందు శ్రీ అని పడిందని ఆవిడే పట్టుకున్నారు. అది దిద్దించి, రేపు ఆర్డరు ఇస్తున్నాం.